ఆ రాయి తీసుకురండి, చూద్దాం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ పేజీలో యూనివర్సిటీ ఎర్త్ సైన్సెస్ డిపార్ట్‌మెంట్ల నోటీసు బోర్డు గురించి నాలుగు ముక్కలు రాశాను, అదే, సెమినార్లు, ఓపెన్ డే, ఫీల్డ్ ట్రిప్పు, కొత్త మెషిన్ వచ్చిందన్న వార్త, ఇవన్నీ స్టూడెంట్లకే అనుకోకండి వెళ్ళి చూడండి అని. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని నిజంగా అనుకోలేదు. ఒకే ప్రశ్న పదిమంది అడిగితే ఒకసారే వేశాను, ఏమీ అనుకోకండి.

ప్ర: సెమినార్ నోటీసు కింద 'అందరూ రావచ్చు' అని ఉంటుంది గానీ టాపిక్ పేరు చదివితేనే కళ్ళు తిరుగుతాయి. నేను కామర్స్ చదివినవాణ్ణి. వెళ్తే నవ్వుతారేమో?

జ: ఎవరూ నవ్వరండీ, అసలు ఎవరొచ్చారో కూడా చూడరు, వెనక వరసలో కూర్చుంటే సరి. టాపిక్ పేరు అలా ఉండటం మాత్రం మా వాళ్ళ తప్పే, సులువైన పేరు పెడితే సులువైన పని చేశామనుకుంటారని భయం. ఒక రహస్యం చెప్తాను వినండి, మొదటి పది నిమిషాలు అందరికీ అర్థమవుతుంది, చివరి ఐదు నిమిషాలు మళ్ళీ అర్థమవుతుంది, మధ్యలో అరగంట ఆ డిపార్ట్‌మెంట్‌లోనే సగం మందికి అర్థం కాదు, భూకంపాల ఆయనకి శిలాజాల టాక్ ఎక్కదు, శిలాజాలావిడకి మాగ్మా కెమిస్ట్రీ ఎక్కదు, ఇద్దరూ తలాడిస్తూ కూర్చుంటారు. మీరూ తలాడించండి.

బయటివాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. 1912 జనవరి 6న ఫ్రాంక్‌ఫర్ట్‌లో జియాలజిస్టుల మీటింగ్‌లో 31 ఏళ్ళ ఆల్ఫ్రెడ్ వెగెనర్ లేచి, ఖండాలు ఒకప్పుడు కలిసే ఉండేవి, తర్వాత విడిపోయి జరుగుతూ వచ్చాయి అన్నాడు. ఆయన జియాలజిస్టు కాదు, వాతావరణం మనిషి. చాలామంది కొట్టిపారేశారు. ఇక్కడ వెగెనర్ హీరో మిగతావాళ్ళు విలన్లు అని చెప్పేస్తుంటారు గానీ నాకు అది నచ్చదు, ఎందుకంటే 'ఇంత పెద్ద ఖండాన్ని నెట్టే బలం ఏది' అని వాళ్ళడిగింది న్యాయమైన ప్రశ్న, ఆయన చెప్పిన కారణాలు నిజంగానే నిలబడలేదు. 1930లో గ్రీన్‌లాండ్ మంచులో ఆయన చనిపోయాడు, 1960ల్లో సముద్రం అడుగు రాళ్ళలో అయస్కాంత చారలు ఏంటో అర్థమయ్యాక గానీ లోకం ఒప్పుకోలేదు. కాబట్టి టాక్ అయ్యాక మీకూ ఏదైనా అడగాలనిపిస్తే 'అది ఎలా తెలిసిందండీ?' అని అడగండి చాలు. ఎంత పెద్ద ప్రొఫెసర్ అయినా ఆ ప్రశ్నకి కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

ప్ర: మా పిల్లల్ని తీసుకుని ఓ డిపార్ట్‌మెంట్‌లో మ్యాపుల ఎగ్జిబిషన్‌కి వెళ్ళాను. గోడంతా నీలం రంగు సముద్రం అడుగు మ్యాప్. ఐదు నిమిషాల్లో బయటికొచ్చేశాం. ఏం చూడాల్సింది?

జ: అట్లాంటిక్ మధ్యలో పైనుంచి కిందకి బట్ట కుట్టినట్టు ఒక గీత ఉంటుంది చూశారా, అది చూడాల్సింది. మేరీ థార్ప్ అనే ఆవిడ 1952 ప్రాంతంలో ఓడలు పంపిన లోతు లెక్కలు ముందేసుకుని చేత్తో గీస్తుంటే, సముద్రం మధ్యలో ఉన్న పర్వతాల వరస నడిమధ్యన ఇంగ్లీషు 'వి' ఆకారంలో ఒక లోయ కనబడింది, ఒక్కచోట కాదు, వరసగా ఎన్నోచోట్ల. భూమి అక్కడ చీలుతోందన్నమాట. పక్కనే పనిచేసే బ్రూస్ హీజెన్‌కి చెప్తే ఆడవాళ్ళ కబుర్లు అని కొట్టేశాడు. తర్వాత అదే ఆఫీసులో ఇంకొకాయన సముద్రంలో వచ్చిన భూకంపాలు ఎక్కడెక్కడో అదే స్కేలు మీద చుక్కలు పెడుతుంటే, రెండు కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూశారు, చుక్కలన్నీ వచ్చి ఆ లోయలో పడ్డాయి. ఇంక అనడానికి ఏముంది. ఆడవాళ్ళని రీసెర్చ్ ఓడ ఎక్కనివ్వని రోజులు కాబట్టి ఇదంతా ఆవిడ టేబుల్ దగ్గర కూర్చునే చేసింది, ఓడ మీద తొలిసారి అడుగుపెట్టింది 1968లో. ఈసారి పిల్లలకి ఆ గీతని వేలితో చూపిస్తూ ఎక్కడిదాకా వెళ్తుందో కనిపెట్టమనండి, ఐదు నిమిషాలు కాదు, అరగంట పడుతుంది.

ప్ర: మా ఇంట్లో ఎప్పట్నుంచో ఒక నల్లటి బరువైన రాయి ఉంది, అయస్కాంతం అంటుకుంటుంది. ఉల్క అని మా నమ్మకం. ఓపెన్ డేకి తీసుకెళ్తే చూస్తారా?

జ: తప్పకుండా చూస్తారు, ఆ రోజు ఒక టేబుల్ దానికోసమే వేస్తారు చాలాచోట్ల. కాకపోతే ముందే చెప్పేస్తున్నా, అలా వచ్చిన రాళ్ళలో దాదాపు అన్నీ ఉల్కలు కావు. సగం ఇనుము కరిగించే కొలిమి చిట్టెం, మిగతా సగం మాగ్నెటైట్, హెమటైట్ అనే ఇనుప ఖనిజాలు. చిన్న చిన్న బుడగలు, బొక్కలు ఉన్నాయా చూడండి, ఉంటే అది చిట్టెమే అయ్యుంటుంది. గ్లేజు లేని తెల్ల పింగాణీ ముక్క మీద గట్టిగా రాయండి, ఎర్రమట్టి రంగు గీత పడితే హెమటైట్, నల్ల గీత పడితే మాగ్నెటైట్, ఉల్క అయితే మామూలుగా గీతే పడదు. కొత్తగా పడిన ఉల్కకి పైన పల్చటి నల్ల పొర ఉంటుంది, కాలిన రొట్టె అంచులాగా. ఇంకో మాట, అయస్కాంతాన్ని పదే పదే పెట్టి చూడకండి, అది నిజంగా ఉల్కే అయితే దానిలో పాత కాలపు అయస్కాంత గుర్తులు దాగి ఉంటాయి, మనం అయస్కాంతం పెట్టగానే అవి చెరిగిపోతాయి.

ఇదే ఉత్తరంలో ఇంకోటి అడిగారు, ఉల్కలు ఊరికే పడుతుంటే బెన్నూ అనే గ్రహశకలం దగ్గరికి రాకెట్ పంపి రాళ్ళు తేవడం ఎందుకు అని. మంచి ప్రశ్న. 2016లో బయల్దేరిన ఒసైరిస్-రెక్స్ అనే నాసా నౌక 2023 సెప్టెంబర్ 24న క్యాప్సూల్‌లో కిందకి పంపింది మొత్తం 121.6 గ్రాములు. పైనుంచి పడే రాయి గాలిలో కాలుతుంది, మెత్తటిదైతే నేలదాకా రానే రాదు, వచ్చినా వానకి తడుస్తుంది, మట్టిలో సూక్ష్మజీవులు ఎక్కేస్తాయి, అప్పుడు దానిలో దొరికిన అమైనో ఆమ్లం ఆకాశానిదా మన పెరటిదా అని కొట్టుకు చావాలి. బెన్నూ నమూనాకి నేల తగల్లేదు. 2025 జనవరిలో వచ్చిన పేపర్లలో, మన ప్రోటీన్లు వాడుకునే 20 అమైనో ఆమ్లాల్లో 14 అందులో ఉన్నాయని, ఉప్పునీళ్ళు ఆవిరైపోతే మిగిలే లవణాలు కూడా ఉన్నాయని చెప్పారు. ఇదే మాట నేలమీద దొరికిన రాయిని పట్టుకుని చెప్పుంటే ఎంతమంది నమ్మేవాళ్ళో.

ప్ర: 'థిన్ సెక్షన్ వర్క్‌షాప్, సీట్లు పరిమితం' అని చూశాను. రాయిని పల్చగా కోయడం నేర్పడానికి రెండు రోజులా?

జ: రెండు రోజుల్లో వస్తే గొప్పే! రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి తేవాలి, అంటే మన వెంట్రుకలో సగం కూడా ఉండదు. ముందు డైమండ్ రంపంతో బిస్కెట్ అంత ముక్క కోస్తారు, గాజు పలక మీద కార్బోరండం పొడి నీళ్ళు పోసి ఒక వైపు నున్నగా అరగదీస్తారు, దాన్ని గాజు స్లైడ్‌కి ఎపాక్సీ జిగురుతో అతికిస్తారు, ఆరాక మిగతా మందం కోసేస్తారు, అక్కడ్నుంచి అసలు పని, వేళ్ళతో స్లైడ్‌ని నొక్కిపట్టి గుండ్రంగా తిప్పుతూ అరగదీయడమే. సర్ సర్ మని ఒక చప్పుడొస్తుంది, పొడి సన్నబడేకొద్దీ ఆ చప్పుడు కూడా మెత్తబడుతుంది, అలవాటైనవాళ్ళు చెవితోనే చెప్పేస్తారు. మధ్యమధ్యలో కడిగి మైక్రోస్కోప్ కింద పెట్టి చూడాలి. క్వార్ట్జ్ అనే ఖనిజం గింజలు క్రాస్ చేసిన పోలరైజర్ల మధ్య (అంటే వెలుగుని ఒక్క దిశలోనే పోనిచ్చే రెండు ఫిల్టర్లని ఒకదానికొకటి అడ్డంగా పెట్టి చూస్తే) పసుపుగా కనబడితే ఇంకా మందం ఉన్నట్టు, బూడిద రంగూ తెలుపూలోకి దిగాయంటే ఆగిపోవాలి. స్కేలు పెట్టి కొలవక్కర్లేదు, రాయే తన మందం చెప్తుంది.

నా మొదటి స్లైడ్ సంగతి చెప్పనా, ఇంకొంచెం ఇంకొంచెం అనుకుంటూ అరగదీశాను, కడిగి చూస్తే శుభ్రమైన గాజు, రాయి లేదు. మధ్యాహ్నమంతా పనిచేసి రాయిని నీళ్ళలో కలిపేశానన్నమాట. పక్కనున్న ల్యాబ్ అసిస్టెంట్ ఒక్క మాట కూడా అనకుండా ఇంకో ముక్క కోసి ఇచ్చాడు, అదే ఎక్కువ బాధేసింది.

కానీ సరిగ్గా వచ్చిన స్లైడ్ మైక్రోస్కోప్ మీద పెట్టి, స్లైడ్ ఉండే పళ్ళెం (స్టేజ్) తిప్పితే మాత్రం, బయటికి మసిబొగ్గులా ఉన్న రాయి లోపల ఆలివిన్ అనే ఖనిజం గింజలు నీలం, గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో వెలుగుతాయి, ప్లాజియోక్లేజ్ అనే ఇంకో ఖనిజానికి నలుపు తెలుపు చారలు, ఒక్కో గింజా ఒక చుట్టులో నాలుగుసార్లు ఆరి నాలుగుసార్లు వెలుగుతుంది. సీటు దొరికితే వదలకండి.

ప్ర: డిపార్ట్‌మెంట్‌కి కొత్త మాస్ స్పెక్ట్రోమీటర్ వచ్చిందని పేపర్లో వేశారు, రాళ్ళ వయసు చెప్తుందట. రాయి మీద ఏమైనా రాసుంటుందా?

జ: ఒకరకంగా రాసే ఉంటుందండి. జిర్కాన్ అనే ఖనిజం ఉంది, ఇసుక రేణువంత. అది స్ఫటికంగా పుట్టేటప్పుడు యురేనియంని లోపలికి రానిస్తుంది, సీసాన్ని మాత్రం గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. తర్వాత లోపలున్న యురేనియం తనకి తనే మెల్లిగా సీసంగా మారుతుంది, యురేనియం-238లో సగం మారడానికి దాదాపు 447 కోట్ల ఏళ్ళు పడుతుంది. కాబట్టి ఈ రోజు జిర్కాన్‌లో ఉన్న సీసం లోపల పుట్టినదే, ఎంత సీసం ఎంత యురేనియం లెక్కేస్తే వయసు వస్తుంది. ఆ లెక్కపెట్టే పని ఈ మెషిన్‌ది, పరమాణువులకి చార్జ్ ఇచ్చి అయస్కాంతం పక్కనుంచి పంపిస్తే తేలికవి ఎక్కువ వంగుతాయి బరువువి తక్కువ వంగుతాయి, విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. ఆస్ట్రేలియా పడమట జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ రేణువులో ఒకదానికి ఇలాగే 440 కోట్ల ఏళ్ళ వయసు తేలింది.

అయితే మెషిన్ కొనగానే అయిపోదు, గది ముఖ్యం. క్లెయిర్ ప్యాటర్సన్ అనే సైంటిస్టు కథ వినే ఉంటారు, వినకపోతే ఇప్పుడు వినండి. భూమి వయసు కనుక్కోవడానికి ఆయన భూమ్మీద రాయిని కాకుండా అరిజోనాలో పడిన కాన్యన్ డయాబ్లో ఉల్కని తీసుకున్నాడు, ఎందుకంటే భూమి తన పాత రాళ్ళని తనే కరిగించి మళ్ళీ వాడుకుంటుంది, ఉల్కలో మొదట్నుంచీ ఉన్న సీసం అలాగే ఉంటుంది. కానీ ఎన్నిసార్లు కొలిచినా లెక్క తప్పుతోంది. సీసం రాయిలోంచి కాదు, గాల్లోంచి, దుమ్ములోంచి, తన జుట్టులోంచి వస్తోందని అర్థమై ల్యాబ్ నేల దగ్గర్నుంచి పాత్రల దాకా కడిగి కడిగి ఒక శుభ్రమైన గది తయారుచేసుకున్నాడు, అలా 1956లో 455 కోట్ల ఏళ్ళు, అటూ ఇటూ 7 కోట్లు, అని తేల్చాడు, ఇప్పటికీ పెద్దగా మారలేదు. ఆ తర్వాత ఇంత సీసం గాల్లోకి ఎక్కడిది అని వెంటపడితే పెట్రోల్‌లో కలిపే సీసం దగ్గర తేలింది, దానిమీద ఏళ్ళ తరబడి కొట్లాడాడు. భూమి వయసు వెతకబోయి మనందరి ఊపిరితిత్తులదాకా వచ్చిన మనిషి. అందుకని కొత్త ల్యాబ్ చూడ్డానికి వెళ్తే చెప్పులు విప్పించి, టోపీ పెట్టించి, అద్దం ఇవతలే నిలబెడితే కోప్పడకండి.

ప్ర: భూకంపాల ల్యాబ్‌లో సీస్మోగ్రాఫ్ ముందు పిల్లల్ని గెంతమన్నారు, బాగుంది. కానీ ఇన్ని మెషిన్లు పెట్టుకుని ఫలానా రోజు భూకంపం వస్తుందని ఎందుకు చెప్పరు? వాట్సాప్‌లో ఎవరెవరో చెప్తున్నారు కదా!

జ: వాట్సాప్ వాళ్ళకి తప్పు చెప్తే పోయేదేం లేదు కాబట్టి చెప్తారు. తేదీ, చోటు, సైజు మూడూ ముందే చెప్పే పద్ధతి ఇప్పటిదాకా ఎవరి దగ్గరా లేదు. ప్రయత్నించలేదని కాదు. కాలిఫోర్నియాలో పార్క్‌ఫీల్డ్ అని చిన్న ఊరు, అక్కడ 1857, 1881, 1901, 1922, 1934, 1966, ఇలా సుమారు 22 ఏళ్ళకొకసారి దాదాపు ఒకే సైజు భూకంపం వస్తోంది. సరే అని 1985లో సైంటిస్టులు లెక్కలేసి 1993 లోపల వచ్చి తీరుతుంది అని 95 శాతం ధీమాగా చెప్పి, ఉన్న పరికరాలన్నీ తీసుకెళ్ళి అక్కడ పాతి కూర్చున్నారు. 1993 వెళ్ళిపోయింది. వచ్చింది 2004 సెప్టెంబర్ 28న, 6.0. పరికరాలు పనిచేస్తూనే ఉన్నాయి, ముందు హెచ్చరిక లాంటిది ఒక్కటీ కనబడలేదు. ఈ కథ నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఓడిపోయిన లెక్కని వాళ్ళు దాచకుండా క్లాసుల్లో పాఠంగా చెప్తారు.

మెషిన్లు చేయగలిగింది వేరే. భూకంపం మొదలయ్యాక ముందొచ్చే పీ తరంగాన్ని పట్టుకుని, వెనకొచ్చే ఎస్ తరంగాల గట్టి కుదుపులకి కొన్ని సెకన్ల ముందు ఫోన్లు మోగించొచ్చు, జపాన్‌లో మెక్సికోలో చేస్తున్నారు. మీ పిల్లలకి ఒక ఆట చెప్తా, ల్యాబ్‌లో రికార్డు చూపిస్తే పీ వచ్చిన టైముకీ ఎస్ వచ్చిన టైముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి 8తో గుణించమనండి, 30 సెకన్లుంటే సుమారు 240 కిలోమీటర్ల దూరంలో వచ్చిందన్నమాట. దగ్గర్లో వచ్చినవాటికే ఈ లెక్క, బాగా దూరానివైతే పనిచేయదు.

ప్ర: ఫీల్డ్ ట్రిప్పుకి ఏం తెచ్చుకోవాలో లిస్టులో లేదు. ఇంకో డౌట్, జియాలజిస్టులు రాళ్ళు నాకుతారట, నిజమా?

జ: గట్టి బూట్లు, నోట్‌బుక్, పెన్ను కాదు పెన్సిల్ (తడిస్తే ఇంకు కారిపోతుంది), పది రెట్లు పెద్దగా చూపించే చేతి లెన్స్. లెన్స్‌ని రాయి దగ్గర పెట్టి దూరం నుంచి చూసేవాళ్ళని చూస్తే ఎవరు కొత్తో తెలిసిపోతుంది, లెన్స్ కంటికి ఆనించుకుని రాయిని దగ్గరికి తెచ్చుకోవాలి. సుత్తి అడిగి తీసుకోండి గానీ సుత్తిని ఇంకో సుత్తితో ఎప్పుడూ కొట్టకండి, ఇనుప పెచ్చు ఎగిరి కంట్లో పడుతుంది. కనబడిన ప్రతిదాన్నీ పగలగొట్టకండి కూడా, తర్వాత వచ్చేవాళ్ళకి ఏం మిగులుతుంది.

నాకడం నిజమే. తడి చేస్తే ఖనిజాలు తేటగా కనబడతాయి, నీళ్ళ సీసా సంచి అడుగున ఉంటుంది నాలుక నోట్లోనే ఉంటుంది కదా. శిలాజ ఎముక అయితే సన్నటి రంధ్రాల వల్ల నాలుకకి అతుక్కుంటుంది. మట్టిరాయిలో సిల్ట్, అంటే సన్నటి ఒండ్రు రేణువులు, ఉందా అని కొంచెం పళ్ళ మధ్య నూరి కూడా చూస్తారు, కరకరమంటే ఉన్నట్టు. దీనిమీద వ్యాసం రాసిన జియాలజిస్టు యాన్ జలాసీవిచ్‌కి 2023లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) కూడా ఇచ్చారు. మీరు మాత్రం ఏ రాయో తెలియకుండా నాకకండి, పాదరసం, ఆర్సెనిక్ ఉన్న ఖనిజాలు కూడా చూడ్డానికి అందంగానే ఉంటాయి.

ప్ర: 'ఆంత్రోపోసీన్' మీద డిబేట్ అని నోటీసు పెట్టారు. అది ఎప్పుడో కాన్సిల్ అయిపోయింది కదా, మళ్ళీ డిబేట్ ఏంటి?

జ: ఆంత్రోపోసీన్ అంటే మనుషుల యుగం అని, పైన చెప్పిన జలాసీవిచే దానికోసం వేసిన కమిటీకి మొదట్లో చాలా ఏళ్ళు అధ్యక్షుడు, చూడండి లోకం ఎంత చిన్నదో. మనుషులు భూమిని ఎంత మార్చేశారంటే దానికి వేరే యుగం పేరు పెట్టాలి అని 2009 నుంచి పనిచేశారు, కెనడాలో క్రాఫర్డ్ సరస్సు అడుగు మట్టి పొరల్లో అణుబాంబు పరీక్షల ప్లుటోనియం కనబడే చోట, 1952 దగ్గర, గీత గీద్దామన్నారు. 2024 మార్చిలో ఓటింగ్‌లో పడిపోయింది, వద్దని 12, కావాలని 4. వద్దన్నవాళ్ళు మనుషుల వల్ల మార్పు లేదని అనలేదు, అది గమనించాలి. వ్యవసాయం, అడవులు నరకడం వేల ఏళ్ళ కిందే మొదలైతే 1952లో గీత ఏంటి అన్నారు. కాబట్టి అధికారికంగా ఇంకా 11,700 ఏళ్ళ కింద మొదలైన హోలోసీన్ అనే యుగంలోనే ఉన్నాం, అందులోనూ మేఘాలయన్ అనే భాగంలో, మేఘాలయ గుహలో స్టాలగ్‌మైట్ (నీటి చుక్కలు పడి నేలమీదనుంచి పైకి పెరిగే సున్నపు స్తంభం) ఆధారంగా 4,200 ఏళ్ళ దగ్గర గీసిన గీత అది, 2018లో ఒప్పుకున్నారు. ఓటు పడిపోయినా వాదన పడిపోలేదు కాబట్టి డిబేట్‌కి వెళ్ళండి, నా ఓటు అడిగితే వద్దన్నవాళ్ళ వైపే, అయినా ఆ ప్లుటోనియం గీత చూసినప్పుడల్లా కాస్త తడబడతాను.

ప్ర: ఇవన్నీ ఎప్పుడు జరుగుతాయో ముందే తెలిసే దారి ఉందా?

జ: అక్టోబర్ మీద కన్నేసి ఉంచండి. అక్టోబర్ 6 యునెస్కో ప్రకటించిన అంతర్జాతీయ జియోడైవర్సిటీ డే, ఆ నెలలోనే ఎర్త్ సైన్స్ వీక్ కూడా. ఏప్రిల్‌లోగానీ మే మొదట్లోగానీ మాత్రం వెళ్ళకండి, వియన్నాలో యూరప్ ఎర్త్ సైన్స్ వాళ్ళ పెద్ద మీటింగ్ ఉంటుంది, సగం గదులకి తాళాలే.

ప్ర: నాకు పదేళ్ళు. నా దగ్గర 43 రాళ్ళున్నాయి, షూ డబ్బాలో పెట్టుకున్నాను. ఓపెన్ డేకి తెస్తే పెద్దవాళ్ళు చూస్తారా? ఒక పసుపు రాయి ఎక్కడ దొరికిందో మాత్రం నాకు బాగా గుర్తుంది.

జ: చూస్తారు తల్లీ, ఒక్కోటీ తీసి చూస్తారు, నువ్వే విసుక్కునేంతసేపు. వెళ్ళే లోపల ఒక పని చెయ్యి. ప్రతి రాయికీ ఒక మూల చిన్న చుక్క తెల్ల పెయింట్ వేసి, ఆరాక దానిమీద నంబర్ రాయి. ఒక పుస్తకంలో అదే నంబర్ వేసి ఎక్కడ దొరికింది, ఏ రోజు, నేలమీద పడి ఉందా లేక కొండలోంచి ఊడివచ్చిందా అని రాసుకో. మ్యూజియంలో వాళ్ళు చేసేది కూడా ఇదే. గుర్తు లేనివాటికి 'గుర్తు లేదు' అనే రాయి, ఊహించి రాయకు. ఆ పసుపు రాయికి ఒకటో నంబర్ వేసుకో, ఈ రోజే, మర్చిపోకముందే.